ర్యామ్‌కి ఎన్ని వోల్టులు వెళ్తున్నాయో చూసుకునే రోజులు

ఇప్పటి కుర్రాళ్ల కంప్యూటర్లు చూస్తే కళ్లు చెదురుతాయి. అద్దాల క్యాబినెట్టు, లోపల రంగులు మార్చే ఫ్యాన్లు, ఆఖరికి ర్యామ్ స్టిక్కుల మీద కూడా లైట్లు. ఆ లైట్లు ఎరుపు నుంచి నీలానికి ఎలా మారాలో గంటలకొద్దీ కూర్చుని సెట్ చేసుకుంటారు. అదే పిల్లాణ్ని పట్టుకుని "ర్యామ్ ఏ స్పీడులో నడుస్తోంది నాయనా?" అని అడిగితే డబ్బా మీద అచ్చేసిన అంకె చెబుతాడు. "టైమింగ్స్ ఎంత?" అంటే ఫోను తీస్తాడు. "వోల్టేజీ ఎంత పోతోంది?" అంటే నా మొహం చూస్తాడు. "ఎక్స్‌పో ఆన్ చేశాను అంకుల్, మిగతాదంతా అదే చూసుకుంటుంది" అంటాడు. ర్యామ్ స్పీడు, టైమింగ్స్, వోల్టేజీ ఒక్క బటన్‌తో మార్చే ప్రొఫైలు పేరే ఎక్స్‌పో. నాకు ఒళ్లు మండేది ఆ మాట దగ్గరే. లక్ష రూపాయలు పోసి కొన్న మిషనులో ఏ భాగానికి ఎంత కరెంటు వెళ్తోందో యజమానికి తెలియదు, అమ్మిన షాపువాడికి తెలియదు, తెలుసుకోవాలన్న పట్టింపు ఇద్దరికీ లేదు.

మా రోజుల్లో ఇలా సాగేది కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి, ఒక షాపులో బోర్డు, ఇంకో షాపులో ర్యామ్, మరో చోట ఎస్‌ఎంపీఎస్ బేరమాడి కొనుక్కుని, ఇంటికొచ్చి మంచం మీద పాత పేపరు పరిచి బిగించుకునేవాళ్లం. 1998లో ఇంటెల్ 440బీఎక్స్ బోర్డులు వచ్చాక పీసీ100 ర్యామ్ మా చేతికి అందింది. 168 పిన్నుల స్టిక్కు, 3.3 వోల్టులు. 64 ఎంబీ స్టిక్కు ఒకటి కొనాలంటే ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించాలి, నెలాఖరు దాకా ఆగాలి. అది కాలితే మళ్లీ కొనే దారి లేదు. అందుకని బోర్డుతో వచ్చే మాన్యువల్ పుస్తకాన్ని పరీక్షకు చదివినట్టు చదివేవాళ్లం. ఏ జంపరు ఎక్కడ పెడితే బస్ స్పీడు 66 నుంచి 100కి మారుతుందో, ఏది ముట్టుకోకూడదో పేజీ నంబరుతో సహా నోటికి వచ్చేది. ఆ ఏడాది వచ్చిన సెలరాన్ 300ఏ ప్రాసెసరును 450 మెగాహెర్ట్జ్‌కి పరుగెత్తించడం అప్పట్లో పెద్ద ఘనకార్యం. 4.5 గుణకం, 66 బస్సును 100 చేస్తే 450. లెక్క చిన్నదే, కానీ ర్యామ్ ఆ 100ను తట్టుకోవాలి. తట్టుకోకపోతే స్క్రీన్ నల్లగా ఉండి స్పీకరు పొడుగ్గా అరిచేది, ఆపకుండా. ఆ అరుపు విన్నవాడికి తప్పు ఎక్కడుందో చెప్పనక్కర్లేదు. ఇప్పటి బోర్డుల్లో చాలావాటికి స్పీకరే లేదు. తెలియనివాడు తప్పు చూపడానికి బోర్డు మూల వెలిగే చిన్న లైటును కూడా అలంకారమే అనుకుంటాడు.

డిలీట్ కీ నొక్కితే నీలం తెర మీద పసుపు అక్షరాలతో బయాస్ తెరుచుకునేది. మౌసు లేదు, బొమ్మలు లేవు. చిప్‌సెట్ ఫీచర్స్ అనే పేజీలోకి వెళ్తే ఎస్‌డీర్యామ్ క్యాస్ లేటెన్సీ అని ఒక వరుస, ఎదురుగా 3. దాన్ని 2 చేసే ముందు అక్కడున్న విలువలన్నీ నోటుబుక్కులో రాసుకునేవాళ్లం. తేదీ, ఏది మార్చాం, ఎంతకు మార్చాం, ఏ పరీక్ష పెట్టాం, ఏమైంది, ఇదీ పద్ధతి. మెకానిక్కులకీ, విద్యార్థులకీ, ఇంట్లో సొంతంగా కట్టుకునేవాళ్లకీ తేడా లేదు, బుక్కు లేకుండా బయాస్‌లో చెయ్యి పెట్టినవాణ్ని పక్కవాళ్లే తిట్టేవాళ్లు.

అసలు ఆ అంకెలేమిటో తెలుసుకునే ఓపిక కూడా ఇప్పుడు కనిపించదు. "30-38-38-96" అని మంత్రంలా చదువుతారు. ఒక్కో అంకె వెనక ఒక పని జరుగుతోంది. డీర్యామ్‌లో ఒక్కో బిట్టు ఒక చిన్న కెపాసిటర్‌లో ఛార్జీగా నిలుస్తుంది, దానికి తలుపులా ఒక ట్రాన్సిస్టర్. ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ 1966లో కనిపెట్టిన అమరిక ఇది, 1968లో పేటెంట్ వచ్చింది. ఇవాళ్టి డీడీఆర్5 చిప్పులోనూ మూలసూత్రం అదే. ఈ కెపాసిటర్లు వరుసలుగా, నిలువులుగా పేర్చి ఉంటాయి. ప్రాసెసరు ఏదైనా అడిగితే ముందు ఆ వరుస తెరవాలి. వరుస తెరిచాక నిలువును పిలవడానికి ఆగాల్సిన వ్యవధి టీఆర్‌సీడీ. నిలువును పిలిచాక డేటా బయటికి రావడానికి పట్టేది సీఎల్. పని అయ్యాక ఆ వరుస మూసి ఇంకోటి తెరవడానికి సిద్ధం కావడం టీఆర్‌పీ. ఒకసారి తెరిచిన వరుసను కనీసం ఇంతసేపు తెరిచి ఉంచాలన్నది టీఆర్‌ఏఎస్. ఇవి సెకన్లు కావు, గడియారం కొట్టే టిక్కులు. టిక్కు నిడివి మారితే అదే అంకెకు అసలు సమయం మారిపోతుంది.

ఇక్కడే నాకు మరీ మంట. డబ్బా మీద పెద్ద అంకె చూసి మురిసిపోతారు. లెక్క కట్టడం రెండు నిమిషాల పని. సీఎల్‌ను 2000తో హెచ్చవేసి, ర్యామ్ స్పీడు అంకెతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. 2003 ప్రాంతంలో మేం వాడిన మంచి డీడీఆర్400 స్టిక్కు, సీఎల్ 2 అయితే, 10 నానోసెకన్లు. డీడీఆర్2-800, సీఎల్ 4, అదీ 10. డీడీఆర్3-1600, సీఎల్ 8, మళ్లీ 10. డీడీఆర్4-3200, సీఎల్ 16, పదే. ఇవాళ అందరూ ఎగబడి కొంటున్న డీడీఆర్5-6000, సీఎల్ 30, పదే. ఐదు తరాలు వచ్చినా నిలువును పిలిచినప్పటి ఎదురుచూపు ఇంచుమించు కదలలేదు. ఇక ప్రమాణం ప్రకారం నడిచే మామూలు డీడీఆర్5-5600 స్టిక్కు సీఎల్ 46 అయితే 16.4 నానోసెకన్లు. మొదటి మాట పలకడానికి అది మా పాత డీడీఆర్400 కంటే ఎక్కువసేపు తీసుకుంటుంది. ఆ తర్వాత పారే డేటా ధార మాత్రం ఎన్నో రెట్లు పెద్దది, అది కాదనను. డీడీఆర్400 స్టిక్కు సెకనుకు 3.2 గిగాబైట్లు ఇస్తే డీడీఆర్5-6000 స్టిక్కు 48 ఇస్తుంది. పెద్ద పెద్ద వీడియోలు ఎడిట్ చేసేవాడికి ఆ ధార కావాలి. చిన్న చిన్న డేటా ముక్కల కోసం ర్యామ్‌లో అటూ ఇటూ వెతికే ఆటలకు ఎదురుచూపు తగ్గాలి. తన పనికి ఏది కావాలో తెలియకుండా అంకె పెద్దదని కొనడం డబ్బు తగలేసుకోవడమే.

కెపాసిటర్లలోని ఛార్జీ నిలవదు. చిల్లుకుండలో నీళ్లలా కారిపోతూనే ఉంటుంది, ఖాళీ అయ్యేలోపు మళ్లీ నింపాలి. దీన్నే రిఫ్రెష్ అంటారు. డీడీఆర్4లో 64 మిల్లీసెకన్లలోపు 8192 విడతల్లో చిప్పు మొత్తాన్ని ఒక చుట్టు నింపాలన్నది నియమం. అంటే విడతకూ విడతకూ మధ్య 7.8 మైక్రోసెకన్లు. బయాస్‌లో ఈ వ్యవధి పేరు టీఆర్‌ఈఎఫ్‌ఐ. డీడీఆర్5లో దాన్ని 3.9కి తగ్గించారు. వేడి పెరిగితే ఛార్జీ ఇంకా త్వరగా కారుతుంది కనుక చిప్పు 85 డిగ్రీలు దాటితే రిఫ్రెష్‌ను రెట్టింపు చెయ్యాలని మెమరీ ప్రమాణాలు రాసే జెడెక్ సంస్థే చెబుతోంది. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కించుకుంటే సగం అనర్థాలు తప్పుతాయి. ఎక్కించుకునేవాళ్లు ఏరీ?

ఒక సంగతి చెబుతాను. మొన్న ఎండాకాలంలో మా వీధి చివరి ఇంటి పిల్లాడు క్యాబినెట్టు మోసుకుని వచ్చాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, తెలివైనవాడే.

"అంకుల్, గేమ్ మధ్యలో మూసుకుపోతోంది. విండోస్ మళ్లీ వేశాను, గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చాను. ఏం లాభం లేదు."

"ర్యామ్ సెట్టింగులు ఏమైనా ముట్టుకున్నావా?"

"ఒకతను వీడియోలో చూపించిన టైమింగ్సే పెట్టాను అంకుల్. అతనికి బాగానే నడుస్తోంది."

"అతని దగ్గర ఏ కంపెనీ చిప్పు ఉంది? నీ దగ్గర ఏదుంది?"

అది తెలియదన్నాడు. బయాస్ తెరిచి చూస్తే ఎక్స్‌పో ప్రొఫైలు 6000, దాని మీద చేత్తో ఎక్కించిన అంకెలు ఓ ఇరవై దాకా ఉన్నాయి, అన్నీ ఒకేసారి. టీఆర్‌ఈఎఫ్‌ఐ దగ్గర 65535. ఆ పేజీలో ఒప్పుకునే ఆఖరి అంకె అది. 6000 స్పీడు దగ్గర నియమం ప్రకారం అక్కడ 11700 ఉండాలి. అంటే నింపాల్సిన సమయాన్ని ఐదున్నర రెట్లు సాగదీశాడు. ఆ వీడియో తీసినాయన ఏసీ గదిలో, మూతలేని బల్ల మీద, ర్యామ్‌కి ఎదురుగా ఫ్యాను పెట్టుకుని తీశాడు. ఈ అబ్బాయి ఉండేది హైదరాబాద్ మే నెలలో, పైఅంతస్తు గదిలో, మూసేసిన అద్దాల క్యాబినెట్టుతో. గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి గాలంతా తిన్నగా ర్యామ్ మీదికే వెళ్తోంది. డీడీఆర్5 స్టిక్కుల్లో ఉష్ణోగ్రత చూపే సెన్సరు ఉంటుంది, చూపించమన్నాను. ఆట మొదలైన కాసేపటికి అంకె ఎక్కుతూనే పోయింది, ఆ వెనకే ఆట మూసుకుపోయింది. టీఆర్‌ఈఎఫ్‌ఐని నియమం దగ్గరికి తెచ్చి, మిగతావి ప్రొఫైలులో ఉన్నట్టే వదిలేసి, ముందువైపు ఫ్యాను బాగు చేయించాక ఆట ఆగలేదు. విండోస్‌ది గానీ డ్రైవర్‌ది గానీ ఏ తప్పూ లేదు.

ఆట మూసుకుపోవడం అదృష్టం, తప్పు బయటపడింది. ర్యామ్‌లో ఒక బిట్టు తారుమారైతే ప్రతిసారీ నీలం తెర రాదు. ఆ బిట్టు ఒక పెళ్లి ఫోటో ఫైలులో పడవచ్చు, టాలీ ఖాతాలో పడవచ్చు. ఫైలు సేవ్ అయినట్టే కనిపిస్తుంది, నెలల తర్వాత తెరిస్తే సగం ఫోటో బూడిదరంగు. జిప్ ఫైలు విప్పబోతే సీఆర్‌సీ ఎర్రర్ అంటుంది. బ్యాకప్ తీసిన హార్డ్‌డిస్కులోకి కూడా చెడిపోయిన కాపీయే వెళ్లి కూర్చుంటుంది. వోల్టేజీ సంగతి చూడకుండా, టైమింగ్స్ బిగించి, పరీక్ష పెట్టకుండా వాడుకునేవాడు పోగొట్టుకునేది ఇదీ. కాలిపోయిన స్టిక్కును డబ్బు పెట్టి మళ్లీ కొనొచ్చు. చెడిపోయిన ఫైలును ఎక్కడ కొంటాం?

"డీడీఆర్5లో ఈసీసీ ఉంది కదా" అని కొందరు వాదిస్తారు. ఉన్నది చిప్పు లోపలి ఈసీసీ. ప్రతి 128 బిట్లకు 8 బిట్లు అదనంగా పెట్టుకుని, తనలో తాను ఒక బిట్టు తప్పును సరిచేసుకుంటుంది. చిప్పు నుంచి ప్రాసెసరు దాకా వచ్చే దారిలో జరిగే తప్పును అది చూడదు, సరిచేసిన సంగతి మనకు చెప్పదు కూడా. స్పీడు పెంచినప్పుడు ఎక్కువగా బెడిసేది ఆ దారే. సర్వర్లలో వాడే అసలైన ఈసీసీ వేరు, దాన్ని బోర్డు, ప్రాసెసరు రెండూ ఒప్పుకోవాలి.

మా పద్ధతి నెమ్మదైనది, కానీ గట్టిది. మొదట అన్నీ డిఫాల్ట్‌లో పెట్టి పరీక్షించేవాళ్లం. డిఫాల్ట్‌లోనే తప్పులొచ్చే స్టిక్కును టైమింగ్స్‌తో బాగుచేయలేం, షాపుకు తిరిగిచ్చేయడమే. ఆ తర్వాత ఒక్క అంకె, ఒక్క మెట్టు. సీఎల్ 3 నుంచి 2.5. మెమ్‌టెస్ట్86 ఉన్న ఫ్లాపీ పెట్టి, రాత్రి పడుకునే ముందు మొదలెట్టి, తెల్లారి లేచి చూసేవాళ్లం. తెర మీద ఎర్ర వరుసలు లేకపోతే బుక్కులో టిక్కు, ఒక్క ఎర్ర వరుస కనిపించినా వెనక్కి. ఒక్క తప్పే కదా అని వదిలేసేవాళ్లం కాదు. ఒక్కటొచ్చిందంటే ఆ అంకె పనికిరానట్టే. ఫ్లాపీలు పోయాయి, ఇప్పుడు అదే ప్రోగ్రాము పెన్‌డ్రైవ్ మీద నడుస్తుంది, డబ్బులక్కర్లేదు. అయినా పెట్టేవాళ్లు లేరు. "విండోస్ తెరుచుకుంది కదా, అయిపోయింది" అంటారు. విండోస్ తెరుచుకోవడం పరీక్ష కాదు.

వోల్టేజీ దగ్గరైతే మరీ భయభక్తులతో ఉండేవాళ్లం. డీడీఆర్‌కు 2.5 వోల్టులు, 400 స్పీడు స్టిక్కుకు 2.6. ఒక్కో పదోవంతు పెంచేముందు ఆ చిప్పు ఎవరు చేశారో చూసేవాళ్లం. అప్పటి స్టిక్కులకు చాలావాటికి రేకు కప్పు ఉండేది కాదు, చిప్పు మీద అక్షరాలు భూతద్దంతో చదువుకోవచ్చు. విన్‌బాండ్ బీహెచ్-5 అయితే వోల్టేజీ ఇచ్చేకొద్దీ బిగువైన టైమింగ్స్‌కి లొంగుతుందని ప్రతీతి. శామ్‌సంగ్ టీసీసీడీ అయితే ఎక్కువ వోల్టేజీ ఇచ్చినా ప్రయోజనం లేదు, దాని బలం స్పీడులో. స్వభావం తెలుసుకుని ఇచ్చేవాళ్లం. ఇప్పుడు చిప్పులన్నీ అల్యూమినియం తొడుగులోపల దాక్కున్నాయి. అయినా స్టిక్కు వివరాలు దాచుకునే ఎస్‌పీడీ చిప్పును చదివే ప్రోగ్రాములు దొరుకుతున్నాయి, తయారీదారు పేరు రెండు క్లిక్కుల్లో తెలుస్తుంది. ఇంత సులువైనా చూడరు. శామ్‌సంగ్ బీ-డై మీద నడిచిన అంకెలు తెచ్చి ఇంకో కంపెనీ చిప్పు మీద రుద్ది, నడవకపోతే వోల్టేజీ పెంచేస్తారు.

వోల్టేజీతో ఇంకో ప్రమాదం ఉంది, అది ర్యామ్‌కి కాదు, ప్రాసెసరుకు. పాత రోజుల్లో మెమరీ కంట్రోలరు బోర్డు మీది చిప్‌సెట్‌లో ఉండేది. ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో దాన్ని ప్రాసెసరు లోపలికి తెచ్చింది, ఇంటెల్ 2008లో మొదటి కోర్ ఐ7తో తెచ్చింది. అప్పుడు ర్యామ్‌కి 1.65 వోల్టులు దాటకూడదని ఇంటెల్ గట్టిగా చెప్పింది. దాటితే ప్రాసెసరు శాశ్వతంగా పాడవచ్చని హెచ్చరిస్తూ కొన్ని బోర్డుల్లో ర్యామ్ స్లాట్ల మీదే కాగితం అంటించి పంపారు. ఆ కాగితం చదవకుండా స్టిక్కు పెట్టడం కుదిరేది కాదు. హెచ్చరిక అలా ఉండాలి. ఇప్పుడు అలాంటిది ఎక్కడ? ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో అనే బటన్ పక్కన "పర్ఫార్మెన్స్" అని మెరుస్తుంది, అంతే. అది ఓవర్‌క్లాకింగేనని, ప్రమాణం దాటి మెమరీ టైమింగ్స్, వోల్టేజీ మారిస్తే వారంటీ చెల్లదని ఏఎండీ తన షరతుల్లో రాసుకుంది. చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదివేవాడెవడు?

2023 ఏప్రిల్‌లో ఏమైందో గుర్తుండే ఉంటుంది. కొత్త రైజెన్ 7000 ప్రాసెసర్లు, ముఖ్యంగా ఎక్స్3డీ రకాలు, కొన్ని సాకెట్లోనే ఉబ్బి కాలిపోయిన ఫోటోలు ప్రపంచమంతా చూసింది. ఎక్స్‌పో ఆన్ చేయగానే కొన్ని బోర్డులు ప్రాసెసరులోని మెమరీ కంట్రోలరుకు వెళ్లే ఎస్‌ఓసీ వోల్టేజీని అవసరానికి మించి ఎక్కించాయి. ఆ తర్వాత ఏఎండీ ఆ వోల్టేజీకి 1.3 దగ్గర కట్టడి పెట్టి కొత్త బయాస్‌లు ఇప్పించింది. వాడినవాళ్లు ఒక్క బటనే నొక్కారు, వాళ్ల తప్పేముంది అంటారా? వాళ్లను తప్పుపట్టను. నా కోపం "ఆటో" అన్న మాట మీద. ఆటో అంటే మనకు సరిపడినంత అని కాదు, ఎవరి స్టిక్కుతోనైనా మిషను తెరుచుకోవడానికి బోర్డు కంపెనీ ఎంచుకున్నంత. మీ ర్యామ్‌కి అంతకంటే తక్కువ చాలవచ్చు. చూసుకునే బాధ్యత మీది.

ఇప్పుడు ఇంట్లో సొంతంగా తిప్పుకునేవాళ్లకు నేను చెప్పేది వినండి. మొదట ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి ఎక్కించి, ఆ డిస్కు తీసేయండి. బోర్డు బయాస్ కొత్తదో కాదో చూసుకోండి. రెండు స్టిక్కులైతే ప్రాసెసరు వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది అయిన స్లాట్లలో పెట్టండి, చాలా బోర్డులకు అదే సరైన చోటు, మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. పక్కపక్కన పెట్టి ఇచ్చేసే షాపులను నేను చూశాను, కొన్నవాళ్లు సగం ధారతో ఏళ్లు గడిపేస్తున్నారు. 3200 స్టిక్కు కొని ప్రొఫైలు ఆన్ చేయక 2133లో వాడుతున్నవాళ్లూ ఉన్నారు. స్టిక్కు తీసేటప్పుడు, పెట్టేటప్పుడు స్విచ్ ఆపి, లోహపు చట్రాన్ని ఒకసారి తాకి అప్పుడు ముట్టుకోండి. పిన్నుల్ని పెన్సిల్ రబ్బరుతో తుడిచే మన మెకానిక్కుల అలవాటు నాకూ ఉంది, మెత్తటి తెల్ల రబ్బరుతో మెల్లగా తుడిచి, రాలిన పొడి బ్రష్‌తో దులిపెయ్యాలి. ఇసుక కలిసిన సిరా రబ్బరుతో రుద్దితే బంగారు పూత లేచిపోతుంది.

ప్రొఫైలు ఆన్ చేశాక వెంటనే వోల్టేజీల పేజీకి వెళ్లండి. డీడీఆర్4కు ప్రమాణం 1.2, ప్రొఫైళ్లు మామూలుగా 1.35 అడుగుతాయి. రోజూ వాడే మిషనుకు 1.45 దాటించే పని నాకెప్పుడూ కనిపించలేదు, చిప్పు ప్రమాణంలో 1.5 దాటకూడని హద్దు. డీడీఆర్5కు ప్రమాణం 1.1, ప్రొఫైళ్లు 1.25 నుంచి 1.4 దాకా అడుగుతాయి. డీడీఆర్5లో వోల్టేజీ మార్చే చిప్పు స్టిక్కు మీదే ఉంది. బోర్డు 5 వోల్టులు పంపితే స్టిక్కు తనకు కావలసినంతకు దించుకుంటుంది, ఆ పనిలో అదీ వేడెక్కుతుంది. చాలా స్టిక్కుల్లో 1.435 దగ్గర తాళం ఉంటుంది. ఆ తాళం తీసే ఆప్షన్ కొన్ని బోర్డులు ఇస్తాయి, దాని జోలికి పోకండి. రైజెన్ అయితే ఎస్‌ఓసీ వోల్టేజీని ఆటోలో వదలకుండా చేత్తో వెయ్యండి. 6000 స్పీడుకు చాలా ప్రాసెసర్లు 1.2 చుట్టుపక్కలే నిలబడతాయి. ఇంటెల్ అయితే అదే పని చేసే సిస్టమ్ ఏజెంట్ వోల్టేజీని ఆటో ఎంతకు ఎక్కించిందో చూసి రాసుకోండి.

ఆ తర్వాతే టైమింగ్స్. ఒక్కటి మార్చండి, పెన్‌డ్రైవ్ మెమ్‌టెస్ట్ ఒక రాత్రి, ఆపై విండోస్‌లో ర్యామ్‌ని వేడెక్కించే పరీక్ష ఒకటి, అప్పుడు రెండోది. డిసెంబరులో నిలబడిన సెట్టింగు మే నెలలో నిలబడుతుందని అనుకోకండి. విజయవాడ, రామగుండం, కొత్తగూడెం వాళ్లు ఈ మాట మరీ గట్టిగా పట్టించుకోవాలి. ఏప్రిల్ రాగానే మళ్లీ పరీక్ష పెట్టండి, లేదా టైమింగ్స్ రెండు మెట్లు వదులు చేయండి. నాలుగు స్టిక్కులు పెట్టి 6000 రావాలని పంతానికి పోకండి. రైజెన్ 7000కు నాలుగు స్టిక్కులతో ఏఎండీ ఇచ్చిన అధికారిక స్పీడు 3600 మాత్రమే. ఎక్కువ మెమరీ కావాలంటే పెద్ద స్టిక్కులు రెండు కొనండి.

ఓపిక గురించి కూడా చెప్పాలి. డీడీఆర్5 బోర్డు మొదటిసారి వెలిగించినప్పుడు, సెట్టింగు మార్చినప్పుడు మెమరీ ట్రెయినింగ్ జరుగుతుంది. తెర నల్లగా ఉండి నిమిషాలు గడుస్తాయి. అరనిమిషం కాగానే పోయిందనుకుని స్విచ్ కట్టేసి, మళ్లీ వేసి, మళ్లీ కట్టేసేవాళ్లు కోకొల్లలు. టీ తాగిరండి, అదే తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే చాలా బోర్డులు కొన్ని ప్రయత్నాల తర్వాత వాటంతట అవే డిఫాల్ట్‌కి వస్తాయి. మాకు ఆ సౌకర్యం లేదు, క్యాబినెట్టు విప్పి, జంపరు మార్చి, సీఎమ్‌ఓఎస్ బ్యాటరీ పీకి కూర్చునేవాళ్లం. ఈ సౌకర్యం మంచిదే, ఒప్పుకుంటాను. ట్రెయినింగ్ జరిగేటప్పుడూ, బయాస్ అప్‌డేట్ చేసేటప్పుడూ కరెంటు పోకుండా యూపీఎస్ మీద ఉంచండి. క్యాబినెట్టు ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ప్లగ్గులో ఎర్త్ లేదని అర్థం. ఎర్త్ లేని ప్లగ్గుకు పెట్టిన ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టరు కెపాసిటర్ల వల్ల మెయిన్స్‌లో సగం దాకా వోల్టేజీ చట్రం మీద తేలుతుంది. అలాంటి ఇంట్లో ర్యామ్ టైమింగ్స్ సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ పిట్టు వేయించండి.

కష్టపడి తిప్పితే వచ్చే లాభం ఎంత అని అడుగుతారు. ప్రొఫైలు ఆన్ చేయడంతోనే పెద్ద లాభం వచ్చేస్తుంది, చేత్తో బిగిస్తే ఆటల్లో ఇంకొంచెం వస్తుంది, టైపింగు, బిల్లింగు చేసుకునేవాడికి ఏమీ తెలియదు. డబ్బు సంపాదించే మిషనైతే ప్రొఫైలుతో ఆగండి, పరీక్ష మాత్రం మానకండి. సరదా ఉన్నవాళ్లు, నేర్చుకోవాలనుకునేవాళ్లు చేత్తో తిప్పండి, మిషను లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి దీన్ని మించిన చదువు నేను చూడలేదు.

కంప్యూటర్లు కట్టిచ్చే షాపులవాళ్లకు నాదొక విన్నపం. బిల్లుతో పాటు ఒక కాగితం ఇవ్వండి. ర్యామ్ ఏ ప్రొఫైలులో పెట్టారు, ర్యామ్‌కి ఎన్ని వోల్టులు, ఎస్‌ఓసీకి ఎన్ని, ఏ పరీక్ష ఎంతసేపు నడిపారు, ఈ నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టండి. కొనేవాళ్లు ఆ కాగితం అడిగి తీసుకోండి, ఇవ్వనంటే ఇంకో షాపుకు వెళ్లండి. ఇప్పటికే రైజెన్ 7000 కొని ఎక్స్‌పో ఆన్ చేసి, బయాస్ ఒక్కసారీ మార్చకుండా వాడుతున్నవాళ్లు మాత్రం రేపటిదాకా ఆగకండి. ఈ రాత్రే బయాస్‌లోకి వెళ్లి ఎస్‌ఓసీ వోల్టేజీ ఎంతుందో చూడండి. 1.3 దాటి ఉంటే ఎక్స్‌పో ఆపేసి, బయాస్ అప్‌డేట్ చేసి, ఆ తర్వాతే మళ్లీ ఆన్ చేయండి.